బాల్కనీలో మూట

కానూరులోని ఆ మూడో అంతస్తు ఫ్లాటులో పొద్దున టిఫిన్లు అయ్యాక కుక్కరు కూత వెయ్యాలన్నా భయమే. హర్షవర్ధన్ గది తలుపు పడిందంటే అబ్బాయి మీటింగులో ఉన్నాడని అర్థం. కరోనా రోజుల్లో ఇంటికొచ్చిన అతని ఉద్యోగం మళ్ళీ ఆఫీసు మొహం చూడలేదు. తలుపు పడగానే అతని తండ్రి రామకోటేశ్వరరావు, సహకార బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, టీవీ నోరు నొక్కేస్తాడు. కూరగాయల బండివాడు కిందినుంచి కేకేస్తే బాల్కనీలోకి పోయి చేతులూపి వెళ్ళమంటాడు. పక్క ఫ్లాటు పిల్లలు వరండాలో పరిగెడితే పెదాల మీద వేలు పెట్టుకుని, "అబ్బాయి పనిలో ఉన్నాడమ్మా" అంటాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో ఎక్కడలేని భక్తి వచ్చేస్తుంది.

అదే ఇంట్లో, హాల్లో సోఫా వెనకాల, బాల్కనీ తలుపును ఆనుకుని ఒక కుట్టుమిషను ఉంది. వంటా వార్పూ ముగించుకుని, మెడలో టేపు వేసుకుని దాని ముందు కూర్చునేది ఆ ఇంటి ఇల్లాలు శివపార్వతి. చంటిపిల్లల గౌన్లు కుడుతుంది, జాకెట్లు కుడుతుంది, లంగాలు కుడుతుంది. అన్నిటికన్నా ఆమెకు పేరు తెచ్చింది బొంతలు. కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరల్ని పొరలుగా పరిచి, ముడత లేకుండా సవరించి, పొడవాటి సూదితో వరస వెంట వరస చేత్తో కుట్టుకుపోతుంది. ఆమె కుట్టిన బొంత ఎన్ని ఉతుకులు ఉతికినా ముద్ద కట్టదు.

ఇప్పుడు చదువరులను ఒక్క మాట అడగాలి. ఆ ఇంట్లో పనిచేసేవాళ్ళు ఎంతమంది? ఆ అపార్ట్‌మెంటులో ఎవరినడిగినా ఒక్కడే అంటారు. రామకోటేశ్వరరావు కూడా అదే అంటాడు. ఇంకా విచిత్రం, శివపార్వతినడిగినా అదే అనేది.

"పార్వతీ, ఆ టకటక ఆపవే! అబ్బాయి మీటింగులో ఉన్నాడు."

మిషను ఆగిపోయేది. మళ్ళీ ఆ తలుపు తెరుచుకునేదాకా ఆమె బొంత ఒళ్ళో వేసుకుని చేతికుట్టు కుట్టుకునేది. సూదికి చప్పుడుండదు. ఆమె బొంతలు అంత బాగా కుట్టడం నేర్చుకోవడానికి కారణం అదేనేమో కూడా.

ఇక ఎదురింటి ఛాయాదేవి తలుపు తట్టదు, తోసుకునే వస్తుంది. "ఖాళీయేనా పార్వతక్కా? ఈ చీరకి ఫాల్ వేసి పెట్టవా. సాయంత్రం ఫంక్షనుంది. నీ చేతికి అదెంతసేపు?"

ఒళ్ళో సగం కుట్టిన బొంత ఉన్నా, మిషను మీద ఎవరిదో జాకెట్టు ఉన్నా శివపార్వతి నోట వచ్చే మాట ఒక్కటే. "ఖాళీయేలే, అక్కడ పెట్టెళ్ళు." ఛాయాదేవి అటు వెళ్ళగానే ఆమెకు ఒళ్ళు మండేది. ఎవరి మీద మండుతోందో తేల్చుకోలేక దారం మీద చూపించేది. కత్తెర పక్కనే ఉన్నా పళ్ళతో పుటుక్కున తెంపేది.

ఇట్లా రోజులు గడుస్తుండగా కంకిపాడు నుంచి నాగవల్లి వచ్చింది. ఆవిడ అక్కడి కాలేజీలో లెక్చరరు. మనిషి నెమ్మదిగా కనిపిస్తుంది గానీ, మాట మాత్రం సూటిగా ఉంటుంది. చేతిలో ఒక మూట. సోఫాలో కూర్చోకుండా చాప అడిగి పరిపించుకుని, మూట విప్పి చీరలు ఒక్కొక్కటే పరిచింది. మొత్తం నాలుగు నూలు చీరలు. ఆకుపచ్చ అంచు మంగళగిరి చీర, ఆవపిండి రంగుది ఒకటి, చిన్న చిన్న పువ్వులున్న తెల్లది ఒకటి, పెడనలో నేయించిన నీలం చీర ఒకటి. నీలం చీర చెంగు దగ్గర దీపం అంటుకుని కాలిన చిల్లు ఉంది.

"మా అమ్మవండీ," అంది. "పోయినేడు పోయింది. తొంభై ఏళ్ళు బతికింది. ఈ నీలం చీర కార్తీక మాసంలో దీపాలు పెడుతుంటే కాలింది. అయినా అదే కట్టేది. ఏమన్నా అంటే, చిల్లు నడుం కిందకి పోతుంది, ఎవరికి కనపడుద్దే అనేది."

శివపార్వతి ఆ చిల్లు చుట్టూ వేలితో తడిమి చూసింది. నూలు వెన్నలా ఉంది.

"పెద్దకర్మ రోజునే ఎవరికన్నా ఇచ్చెయ్యమని మావాళ్ళంతా నామీద పడ్డారు. పోయినవాళ్ళ చీరలు ఇంట్లో ఉంచకూడదట. నేను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు మా అమ్మాయి వేదశ్రీకి నెలలు నిండాయి. పురుడు వెళ్ళేదాకా బిడ్డకి కొత్తబట్ట వెయ్యం కదండీ, పాతబట్టలే పరుస్తాం కదా. తొంభై ఏళ్ళు బతికిన మనిషి కట్టిన బట్టకన్నా బిడ్డకి మంచిదేముంటుంది? మా అమ్మ తొలి మునిమనవణ్ణో మునిమనవరాల్నో ఎత్తుకోకుండా పోయింది. చీరలన్నా ఎత్తుకోవాలి."

శివపార్వతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కుడతానండీ. నా చేతిలో పెట్టారుగా, ఇక మీరు మర్చిపోండి," అంది.

మర్చిపొమ్మని మాటిచ్చినంత తేలిక కాదు ఆ చీరల్ని దాచడం. ఆ ఇంట్లో శివపార్వతికి తనదంటూ ఒక అర లేదు. ఒక బీరువా నిండా హర్షవర్ధన్ కొన్న కంప్యూటర్ల ఖాళీ డబ్బాలు. వారంటీ ఉందని పారెయ్యనివ్వడు. ఇంకో బీరువా నిండా రామకోటేశ్వరరావు బ్యాంకు రోజుల డైరీలు, ఎవరో సన్మానంలో ఇచ్చిన శాలువాలు, చదవడం అయిపోయిన పేపర్లు. అందుకని ఆమె చీరల్ని ఉతికి, గంజి పెట్టకుండా నీడపట్టున ఆరేసి, పాత దుప్పటిలో మూటగట్టి మిషను కింద పెట్టుకుంది. భర్తతో చెప్పింది కూడా. "ఏమండీ, ఈ మూట నాగవల్లి గారిది. ముట్టుకోకండి."

"ఊఁ," అన్నాడాయన. ఆ ఊఁ టీవీలో వార్తలకి.

ఆ వారంలోనే హర్షవర్ధన్‌కి చూసిన సంబంధంవాళ్ళు ఇల్లు చూసుకోవడానికి వస్తామని గుడివాడ నుంచి ఫోను చేశారు. అమ్మాయి పేరు అక్షయ. ఫోను పెట్టేయగానే రామకోటేశ్వరరావు హాలంతా కలియజూసి, మిషను దగ్గర ఆగాడు.

"ఇదంతా తీసెయ్ పార్వతీ. మిషను వంటింటి వెనకాల పెట్టు. ఈ గుడ్డలు కనపడకూడదు."

"మిషను ఉంటే ఏమైందండీ? ప్రతి ఇంట్లో ఉండేదేగా."

"ఉండటం వేరు, దానిమీద ఊళ్ళోవాళ్ళ జాకెట్లు ఉండటం వేరు. అబ్బాయి అంత ఉద్యోగం చేస్తుంటే వాళ్ళమ్మ కుట్టుపని చేసుకుంటుందని తెలిస్తే ఏమనుకుంటారు? మనకేం గతిలేదా?"

ఆమెకు గొంతు దాకా వచ్చింది. గతిలేకే కుడుతున్నానా? ఇష్టమై కుడుతున్నాను, వచ్చి కుడుతున్నాను, నలుగురూ వెతుక్కుంటూ వస్తే కుడుతున్నాను. ఇవేవీ బయటికి రాలేదు. మిషను వంటింటి వెనక్కి, మూట బాల్కనీలోకి వెళ్ళాయి. వాన జల్లు పడకుండా మూట మీద ఒక పాలిథిన్ కవరు మాత్రం కప్పింది.

గుడివాడవాళ్ళు వచ్చారు, పూతరేకులు తిన్నారు, అబ్బాయి గదిలోకి తొంగి చూసి రెండు పెద్ద స్క్రీన్లు చూసి తృప్తిపడ్డారు. అక్షయ తల్లి సోఫా కవర్లు నిమిరి చూసింది. జాకెట్టు ముక్కల్ని పువ్వుల్లా కత్తిరించి శివపార్వతి వేసవంతా కూర్చుని కుట్టిన కవర్లు అవి.

"భలే ఉన్నాయండీ! ఎక్కడ తీసుకున్నారు?"

శివపార్వతి నోరు తెరిచేలోపే రామకోటేశ్వరరావు అందుకున్నాడు. "బీసెంట్ రోడ్డులో."

"మీరేం చేస్తుంటారు వదినగారూ?" అని ఆవిడే మళ్ళీ అడిగింది.

"ఏం చేస్తుందండీ, ఇంట్లోనేగా. ఖాళీయే," అని నవ్వాడాయన.

అందరూ నవ్వారు. శివపార్వతి కూడా నవ్వింది. నవ్వుతూ తలూపింది. ఆ తలూపడాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఎందుకంటే తర్వాత జరిగినదానికి ఆయన నోటిమాట ఎంత కారణమో, ఆమె తల ఊపు కూడా అంతే కారణం.

వాళ్ళు వెళ్ళాక ఆమె మూట లోపలికి తేబోతే, "వాళ్ళు మళ్ళీ ఎప్పుడు ఊడిపడతారో, తాంబూలాల దాకా అక్కడే ఉండనీ," అన్నాడు. సరేనంది. మర్నాడు బొంతకు నూలుదారం కావాలని వన్‌టౌన్ వెళ్ళింది. వస్త్రలత బట్టల మార్కెట్లో దుకాణం దుకాణం తిరిగి, రంగు పోని దారం వెతుక్కుని, ఎండలో సిటీబస్సులో నిలబడి ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

డైనింగ్ టేబుల్ మీద ఒక పెద్ద స్టీలు బేసిన్ తళతళ మెరుస్తోంది. దాని పక్కన రామకోటేశ్వరరావు మొహం అంతకన్నా మెరుస్తోంది.

"చూశావా! చంటిబిడ్డని కూర్చోబెట్టి స్నానం చేయించొచ్చు, అంత ఉంది. ముందు చిన్న గిన్నె ఇస్తానంది. నేను వదుల్తానా? మూట మెట్ల దాకా తీసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి తెచ్చి, బేరమాడి మరీ దీన్ని లాగాను."

"ఏ మూట?"

"అదేనే, బాల్కనీలో పాతగుడ్డల మూట. పాతబట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడ వచ్చింది. అన్నీ నూలువి, ఒకటైతే చిల్లు కూడానూ..."

శివపార్వతి చేతిలో దారపుకండెల సంచి కింద పడి కండెలు సోఫా కిందికి దొర్లిపోయాయి.

"అవి నాగవల్లి గారి అమ్మ చీరలండీ! చెప్పానుగా మీకు! ముట్టుకోవద్దని చెప్పానుగా!"

ఆ ఇంట్లో ఆమె గొంతు అంతగా లేవడం అదే మొదటిసారి. గది తలుపు తెరుచుకుంది. చెవులకి హెడ్‌సెట్టుతో హర్షవర్ధన్ తల బయటపెట్టాడు. "అమ్మా, కాల్‌లో ఉన్నా. క్లయింట్‌కి వినపడుతోంది. కొంచెం మెల్లగా."

ఆమె కొడుకు వంక చూసింది. "మెల్లగానే ఉన్నాను నాన్నా ఇన్నాళ్ళూ. నేను చెప్పింది మీ నాన్నకి అందుకే వినపడలేదు," అంది. అతను అర్థంకాక ఒక క్షణం నిలబడి, తలుపు వేసుకున్నాడు.

రామకోటేశ్వరరావు నీళ్ళు నమిలాడు. "బాల్కనీలో పడేస్తే పారేసేవనుకోనా? సర్లే, అయిందేదో అయింది. కొత్త చీరలు కొనిచ్చేద్దాం. వాటి తాతల్లాంటివి కొందాం."

"పోయినావిడ కట్టి విడిచిన చీరలు ఏ షాపులో అమ్ముతారండీ?"

ఆయన బేసిన్‌ని టేబుల్ చివరికి జరిపాడు.

కింద వాచ్‌మన్ శౌరయ్యని అడిగితే, సామాన్లావిడ ఎప్పుడో పొద్దునే ఆటోలో వెళ్ళిపోయిందని చెప్పాడు. "ఆళ్ళంతా హనుమాన్ జంక్షన్ పోతారమ్మా. అక్కడ పాతబట్టల గోడౌనుంది. ఏసుపాదం గోడౌనంటే ఎవరన్నా చెప్తారు." ఆమె చెప్పులేసుకుంది. బేసిన్ తెచ్చి భర్త చేతుల్లో పెట్టింది. "మీరూ రండి. బేరమాడింది మీరేగా."

రామవరప్పాడు రింగు దగ్గర బస్సెక్కారు. ఆ బేసిన్ పైన అరలో పట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు రామకోటేశ్వరరావు. పక్క సీటాయన ఊరుకోక, "బాగుందండీ, ఎక్కడ తీసుకున్నారు?" అని అడిగాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇంకో రోజైతే శివపార్వతికి నవ్వాగేది కాదు.

గోడౌను హైవే పక్క సందులో ఉంది. లోపలికి అడుగు పెట్టకముందే ఆమెకు చప్పుడు వినిపించింది. బట్ట చింపే చప్పుడు. వరసగా కూర్చున్న ఆడవాళ్ళు నిలువునా, అడ్డంగా చర్రున చింపి, ముక్కలు గోనెల్లో కుక్కుతున్నారు. జీవితమంతా కత్తెరని ఆచితూచి ఆడించిన మనిషి, ఆ చప్పుడుకి పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళింది.

"నూలు చీరలా?" అన్నాడు ఏసుపాదం. "అయ్యో, నూలు ఆగదమ్మా. పట్టు, సిల్కు అయితే పక్కన పెడతాం. నూలు వచ్చిందంటే వచ్చినట్టే చింపుతాం. లారీ షెడ్లవాళ్ళు కాచుకుని ఉంటారు. ఆయిలు తుడవడానికి దానంత మెత్తనిది ఇంకోటి లేదు."

సామాన్లావిడ ఇంకా అక్కడే ఉంది. బేసిన్ చూడగానే గొంతెత్తింది. "నాదేం లేదమ్మా! సారే తన చేత్తో ఇచ్చాడు. నాతో అంతసేపు బేరమాడాడు. కావాలంటే అడుగు."

"నీ తప్పు లేదులేమ్మా," అంది శివపార్వతి. బేసిన్ ఆవిడ ముందు పెట్టించి, గోనెల మధ్య నేలమీద కూర్చుని వెతకడం మొదలుపెట్టింది. చింపుతున్నవాళ్ళలో ఇద్దరు చేతులాపి వాళ్ళ గోనెలు కుమ్మరించారు. మంగళగిరి చీర చింపకుండా దొరికింది. తెల్లచీర, ఆవపిండి రంగు చీర ముక్కలుగా దొరికాయి. ఆమె ఒక్కో ముక్కనీ మోకాలి మీద పెట్టి సాపు చేసి మడిచింది. నీలం చీర లేదు. నీలం ముక్కల మూట అప్పుడే ఎదురు షెడ్డుకు పోయిందన్నారు.

ఎదురు షెడ్డులో ఒక లారీ కింద పడుకుని మెకానిక్కు పనిచేస్తున్నాడు. అతని చేతిలో నీలిగుడ్డ. ఆమె అక్కడే నేలమీద గొంతుక్కూర్చుంది.

"బాబూ, ఆ గుడ్డ ఒకసారి ఇస్తావా?"

అతను విచిత్రంగా చూసి ఇచ్చాడు. అరచేయంత మేర తప్ప అంతా నల్లటి ఆయిలు. అంచు దగ్గర, ఆయిలు అంటని చోట, దీపానికి కాలిన చిల్లు. మిగిలిన ముక్కలు మధ్యాహ్నం వెళ్ళిపోయిన లారీలతో ఏ ఊరు దాటిపోయాయో, ఇక దొరకవు. ఆమె ఆ గుడ్డని గుప్పిట్లో పట్టుకుని లేవబోయి, లేవలేక అట్లాగే కూర్చుండిపోయింది. ఏడుపు వచ్చింది. సంతలాంటి ఆ రోడ్డు పక్కన, లారీల హారన్ల మధ్య, ఎవరికి వినపడినా సరే అని గట్టిగానే ఏడ్చింది.

తిరుగు బస్సులో రామకోటేశ్వరరావు మెల్లగా అన్నాడు. "నీ దగ్గర నీలం నూలుచీర ఒకటుందిగా. అది కలిపి కుట్టెయ్. పొరల్లోకి పోయాక ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది," అంది శివపార్వతి. "రేపు కంకిపాడు వెళ్దాం. మీరే చెప్పాలి."

మర్నాడు నాగవల్లి వాళ్ళింట్లో రామకోటేశ్వరరావు మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ తడబడ్డాడు. చివరికి శివపార్వతే మొత్తం చెప్పి, మంగళగిరి చీర, ముక్కల దొంతర, ఆయిలు గుడ్డ ఆవిడ ముందుంచింది. నాగవల్లి ఆయిలు గుడ్డ చేతిలోకి తీసుకుని చిల్లు చూసింది. లోపలి గదిలో వేదశ్రీ ఆయాసపడుతూ అటూ ఇటూ నడుస్తున్న అడుగులు వినిపిస్తున్నాయి.

"ఎక్కడ పెట్టారు వీటిని?" అని అడిగింది చివరికి.

"బాల్కనీలోనండీ."

నాగవల్లి రామకోటేశ్వరరావు వైపు తిరిగింది. "మీ అబ్బాయి ఇంట్లోంచే పనిచేస్తాడని విన్నాను. ఆ కంప్యూటరు కూడా బాల్కనీలోనే పెడతారాండీ?"

"అదెట్టా పెడతామండీ, అది ఉద్యోగం..." అని, తన మాట తనకే వినపడి ఆయన ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"చెప్పండి, ఎందుకాగారు? అబ్బాయిది ఉద్యోగం. అందుకని అతనికి గది, గదికి తలుపు, తలుపు పడితే ఇంటిల్లిపాదికీ మౌనవ్రతం. ఈవిడది గుడ్డల మూట. అందుకని ఈవిడకి బాల్కనీ. సామాన్లావిడకి ఇచ్చింది మీరు కాదు రావుగారూ. ఈవిడ చేసేది పని కాదని మీ ఇంట్లో అందరూ ఎప్పుడో తీర్మానించుకున్నారు, ఆ తీర్మానం ఇచ్చింది. ఆ మూట పైన ఆఫీసు ముద్ర ఉంటే మీరు ముట్టుకునేవారా?"

ఆయన తల దించుకున్నాడు. ఆవిడ కోపం అక్కడితో ఆగలేదు.

"పార్వతిగారూ, మిమ్మల్నీ అంటాను. మొన్న నేను ఫోను చేసి, ఖాళీగా ఉన్నారా అంటే మీరేమన్నారు? ఖాళీయేనండీ అన్నారు. మిషను చప్పుడు నాకు ఫోన్లో వినపడుతూనే ఉంది. మీ పని పనేనని మీరే అనకపోతే ఇంకెవరంటారు?"

శివపార్వతికి చెంప మీద కొట్టినట్టయింది. నిజమే. ఛాయాదేవితో ఖాళీయేనంది. అక్షయ తల్లి ముందు తలూపింది. సోఫా కవర్లు బీసెంట్ రోడ్డువంటే నవ్వి ఊరుకుంది. ఇన్నేళ్ళూ ఎవరి మీద కోపమొస్తోందో తెలియక దారాలు కొరికింది గానీ, ఆ వరసలో తనూ ఉన్నానని ఎప్పుడూ అనుకోలేదు.

"వీటిని ఇంకెవరికన్నా ఇచ్చుకోండి. అడిగే మొహం నాకు లేదు," అంది.

"ఇంకెవరికీ ఇవ్వను. మీరే కుట్టండి. ఉన్నవాటితోనే కుట్టండి. ఈ ఆయిలు గుడ్డ ఎంత పోతే అంత ఉతికి, కాళ్ళ వైపు వెయ్యండి. చిల్లు కనపడాలి." నాగవల్లి ముక్కలన్నీ మళ్ళీ మూటగట్టి ఆమె చేతుల్లో పెట్టింది. "కానీ ఒక షరతు. దీన్ని తలుపున్న గదిలో, తాళమున్న బీరువాలో పెట్టి కుట్టాలి. లేదంటే ఇప్పుడే ఇక్కడే వదిలేసి వెళ్ళండి."

ఆ సాయంత్రం ఆ ఫ్లాటులో కొంత రభస జరిగింది. పడగ్గదిలో కిటికీ పక్కన, రామకోటేశ్వరరావు మధ్యాహ్నం కునుకు తీసే పడకకుర్చీ ఉండే చోటికి మిషను వచ్చింది. పడకకుర్చీ హాల్లోకి పోయింది. బీరువాలోంచి డైరీలు, శాలువాలు, పేపర్లు బయటికొచ్చి ఎక్కడికి పోవాలో తెలియక మంచం మీద కుప్పపడ్డాయి. "ఇవి మాత్రం ఎక్కడ పెట్టుకోనే?" అని ఆయన విసుక్కున్నాడు. "బాల్కనీ ఖాళీగా ఉందండీ," అంది శివపార్వతి. మిషను బరువైన తలకాయ మోసింది ఆయనే.

మర్నాడు పొద్దున హర్షవర్ధన్ గది తలుపు పడింది. కాసేపటికి పడగ్గదిలోంచి టకటక మొదలైంది. తలుపు తెరుచుకుంది.

"అమ్మా, మీటింగ్..."

"నాకూ పనుంది నాన్నా. నీ తలుపు నువ్వేసుకో, నా తలుపు నేనేసుకుంటా. అప్పటికీ వినపడితే ఆ చెవుల మీది డబ్బాలు ఎందుకున్నాయి?"

అతను గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. తల్లి మెడలో టేపు, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి, ముందు దీపానికి కాలిన నీలిముక్క. ఏం తోచిందో, వెళ్ళి తన గది తలుపుతో పాటు ఆమె గది తలుపు కూడా చప్పుడు కాకుండా దగ్గరగా వేశాడు. అంతమాత్రాన అన్నీ చక్కబడిపోయాయని చెప్పను. ఛాయాదేవి ఇంకా తోసుకునే వస్తోంది. పడకకుర్చీ గురించి రామకోటేశ్వరరావు రోజుకోసారి సణుగుతూనే ఉన్నాడు. ఆయిలు మరక ఎన్ని ఉతుకులకీ పూర్తిగా పోలేదు.

వేదశ్రీకి ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చిన రోజు శివపార్వతి బొంతకు చివరి అంచు వేస్తోంది. ఫోను మోగింది. గుడివాడ నుంచి అక్షయ తల్లి.

"వదినగారూ, ఖాళీగా ఉన్నారా?"

పక్కనే ఉన్న రామకోటేశ్వరరావు ఉలిక్కిపడి భార్య మొహంలోకి చూశాడు. ఉన్నానని చెప్పమన్నట్టు కళ్ళతోనే బతిమాలాడు. శివపార్వతి సూదిని బొంతకి గుచ్చి, ఫోను చెవి మార్చుకుంది.

"లేనండీ. పనిలో ఉన్నాను. నేను కుట్టుపని చేస్తాను. ఆ రోజు మీరు చూసిన సోఫా కవర్లు బీసెంట్ రోడ్డువి కాదు, నేను కుట్టినవే."

రామకోటేశ్వరరావు సంబంధం పోయిందనుకుని గోడకు ఆనుకున్నాడు. అంతలో ఆవిడ గొంతు ఉత్సాహంగా లేచింది.

"అమ్మో, ముందే చెప్పరేం వదినగారూ! అయితే మా అక్షయ పెళ్ళి జాకెట్లన్నీ మీ దగ్గరే కుట్టించేసుకోవచ్చు. ఎట్టాగూ ఇంట్లోనే ఉంటారుగా!"

శివపార్వతి కళ్ళు మూసుకుంది. ఎన్నాళ్ళనుంచో గొంతు దాకా వచ్చి ఆగిపోతున్న మాట, కోపం లేకుండా, నవ్వు కూడా లేకుండా బయటికి వచ్చింది.

"కుడతానండీ. ముందు ఒప్పుకున్న పనులున్నాయి, అవి అయ్యాక కుడతాను. కూలి తీసుకునే కుడతాను. ఇంట్లో కూర్చుని చేసినంత మాత్రాన పని పని కాకుండా పోదు వదినగారూ. ఆ సంగతి ఒప్పుకోవడానికి, చేసే నాకే ఇన్నేళ్ళు పట్టింది."